పాత గీత, కొత్త గీత: బాస్కెట్‌బాల్‌లో తరాల పోలిక వెనుక చరిత్ర

గోదావరి డెల్టాలో బాస్కెట్‌బాల్ ఆడుకునే చోట్లు ఎక్కువేమీ లేవు. కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం వంటి పట్టణాల్లో కళాశాలల ఆవరణల్లోని సిమెంటు కోర్టులే సాయంత్రం ఆటకు ఆధారం. ఆట ముగిసి, చెమటలు ఆరే వేళకు ఆ కోర్టుల గట్టు మీద ఒక వాదం మొదలవుతుంది. అమెరికా వృత్తి లీగ్ అయిన ఎన్‌బీఏ పోటీలను తెల్లవారుజామున ఫోనులో చూసే కుర్రవాళ్ళు స్టెఫెన్ కర్రీ, లెబ్రాన్ జేమ్స్‌ల ముందు పాతకాలపు ఆటగాళ్ళు నిలవలేరని అంటారు. ఒకప్పుడు విశ్వవిద్యాలయ జట్లకు ఆడి, ఇప్పుడు మోకాలికి పట్టీ కట్టుకుని వచ్చే పెద్దలు విల్ట్ చాంబర్లిన్ ఒకే ఆటలో సాధించిన 100 పాయింట్లను గుర్తుచేస్తారు. "అప్పుడు ఆయన్ని కాసినోళ్ళంతా పొట్టోళ్ళే కదండీ" అని ఒక కుర్రవాడు అంటే, "ఒరే అబ్బాయ్, ఆ బూట్లతో, ఆ నేల మీద నువ్వొక్క పూట ఆడి రా, అప్పుడు మాట్లాడదాం" అని ఎదురు జవాబు వస్తుంది. ఇరుపక్షాల చేతిలోనూ అంకెలే ఉంటాయి. ఆ అంకెలు ఏ నిబంధనల కింద, ఎంత వేగంతో సాగిన ఆటలో పుట్టాయన్న సంగతి మాత్రం గట్టు మీద అరుదుగా చర్చకు వస్తుంది.

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణాలయంలో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను రూపొందించినప్పుడు జట్టుకు తొమ్మిది మంది ఉండేవారు, నిబంధనలు 13 మాత్రమే ఉండేవి, బంతి ఫుట్‌బాల్‌దే. నేలకు 10 అడుగుల ఎత్తులో ఉన్న వసారా కమ్మీకి పీచ్ పళ్ళ బుట్టలు కట్టారు. ఆ పది అడుగుల ఎత్తు నేటికీ మారలేదు. మిగిలినదంతా దాదాపుగా మారిపోయింది. బంతిని నేలకు కొడుతూ పరుగెత్తడం ఆ 13 నిబంధనల్లో లేదు, బంతి అందుకున్నవాడు అందుకున్న చోటి నుంచే విసరాలి. పాయింటు వచ్చిన ప్రతిసారీ బంతిని కోర్టు మధ్యకు తెచ్చి ఎగరవేసే పద్ధతి 1937 దాకా కొనసాగింది. 1920లో హారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాక, అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన మన తీర జిల్లాల పాఠశాలలకు అక్కడ శిక్షణ పొందిన డ్రిల్లు మాస్టార్లు వచ్చారు. ఇక్కడి కోర్టులకు మూలం ఆ దారిలోనే ఉంది.

తరాల పోలికను చిక్కుపరిచే మొదటి సంగతి ఏమిటంటే, నిబంధనలు వాటంతట అవి మారలేదు. చాలాసార్లు ఒకరిద్దరు ఆటగాళ్ళ ధాటికి తట్టుకోలేకే వాటిని మార్చారు. 6 అడుగుల 10 అంగుళాల జార్జ్ మైకన్ రింగు కింద నిలబడితే ఎవరూ ఏమీ చేయలేని పరిస్థితి రావడంతో, 1951లో రింగు ముందున్న, దాడి చేసేవాడు మూడు సెకన్లకు మించి నిలవకూడని ప్రదేశాన్ని 6 అడుగుల వెడల్పు నుంచి 12 అడుగులకు పెంచారు. చాంబర్లిన్ ధాటి చూశాక 1964లో దాన్ని 16 అడుగులు చేశారు. మైకన్ ఉన్న మినియాపొలిస్ లేకర్స్ చేతికి బంతి చిక్కితే ఓటమి ఖాయమని తెలిసిన ఫోర్ట్‌వేన్ పిస్టన్స్ 1950 నవంబరు 22న, తూము మూసి నీరు పట్టినట్లుగా, బంతిని తమ దగ్గరే అట్టిపెట్టుకుని ఆడింది. ఆ ఆట 19-18తో ముగిసింది. ప్రేక్షకులు ఈలలు వేసి గోల చేశారు. అలాంటి ఆటకు విరుగుడుగా 1954లో సిరాక్యూస్ జట్టు యజమాని డానీ బియాసోన్ 24 సెకన్లలోగా షాట్ వేసి తీరాలనే షాట్ క్లాక్‌ను తెచ్చాడు. లెక్క సులభమే: జనం మెచ్చిన ఆటల్లో రెండు జట్లూ కలిసి సుమారు 120 షాట్లు వేస్తున్నాయని గమనించి, 48 నిమిషాల్లోని 2,880 సెకన్లను 120తో భాగించారు. ఒక్క ఏడాదిలో జట్టు సగటు స్కోరు 79.5 నుంచి 93.1కి పెరిగింది. ఆ ఏడాది ఆటగాళ్ళు హఠాత్తుగా మెరుగైపోయారని ఎవరూ అనరు కదా!

వాదంలో తరచుగా వినిపించే 1961-62 సీజన్‌ను ఈ వెలుగులోనే చూడాలి. చాంబర్లిన్ ఆ సీజన్‌లో ఆటకు సగటున 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు (గురితప్పి వెనక్కి వచ్చిన బంతిని పట్టడం) సాధించాడు. 1962 మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీ పట్టణంలో న్యూయార్క్ నిక్స్ మీద 100 పాయింట్లు వేశాడు. స్కోరు 169-147. అతడు వేసిన షాట్లు 63, పడినవి 36. ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు బదులుగా ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు) 32కి 28. ఫ్రీ త్రోలలో బలహీనుడని పేరుపడ్డ మనిషికి ఆ రాత్రి చేయి అలా కుదిరింది. చివరి నిమిషాల్లో అతడికి బంతి అందకుండా నిక్స్ ఇతరుల మీద ఫౌళ్ళు చేయడం, బంతిని త్వరగా రాబట్టడానికి అతడి జట్టు కూడా ఎదురు ఫౌళ్ళు చేయడం జరిగాయి. ఆ ఆటకు వీడియో లేదు, రేడియో వ్యాఖ్యానంలో కొంత భాగమే మిగిలింది. పొట్టివాళ్ళ సంగతికి వస్తే, ఆ రాత్రి అతడిని కాయడానికి దిగిన డారల్ ఇమ్‌హాఫ్ 6 అడుగుల 10 అంగుళాల మనిషి. అంచేత కుర్రవాడి మాట నిలవదు.

అలాగని 50.4ని నేటి అంకె పక్కన ఉన్నదున్నట్లు పెట్టడమూ కుదరదు. ఆ సీజన్‌లో ఒక్కో జట్టు ఆటకు సుమారు 107 షాట్లు వేసేది, ఇప్పుడు 90కి లోపే వేస్తోంది. అప్పుడు షాట్లలో 43 శాతం మాత్రమే పడేవి, ఇప్పుడు 47 శాతం దాకా పడుతున్నాయి. ఎక్కువ షాట్లు, ఎక్కువ గురితప్పడం కలిస్తే రీబౌండ్లు కుప్పలుగా వస్తాయి. మన ప్రాంతంలో ఎకరాకు ఇన్ని బస్తాలు పండాయని ఎవరైనా చెబితే, వినేవాడు మెచ్చుకునే ముందు సార్వానా, దాళ్వానా అని అడుగుతాడు. ఆ తర్వాత ఏ రకం విత్తనమని అడుగుతాడు. 1982లో మారుటేరు పరిశోధనా కేంద్రం విడుదల చేసిన స్వర్ణ వరి దిగుబడిని చూపించి, అంతకుముందు తరం రైతుకు సేద్యం రాదని అనేవాడు డెల్టాలో దొరకడు. బాస్కెట్‌బాల్ దగ్గరకు వచ్చేసరికి ఆ ఇంగితం ఎటు పోతుందో తెలియదు.

ఆస్కార్ రాబర్ట్‌సన్, రస్సెల్ వెస్ట్‌బ్రూక్‌ల పోలిక దీనికి చక్కని ఉదాహరణ. సీజన్ మొత్తానికి పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు (సహచరుడి పాయింట్లకు దారితీసిన పాసులు) మూడింటిలోనూ సగటున రెండంకెలు దాటిన తొలి ఆటగాడు రాబర్ట్‌సన్. 1961-62లో అతడి సగటు 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు. ఆ ఘనతను మళ్ళీ అందుకోవడానికి 55 ఏళ్ళు పట్టింది. 2016-17లో వెస్ట్‌బ్రూక్ 31.6, 10.7, 10.4తో దాన్ని చేరుకున్నాడు. అంకెలు మాత్రమే చూస్తే రీబౌండ్లలో రాబర్ట్‌సన్‌దే పైచేయి. అయితే అతడి కాలంలో ఒక్కో జట్టుకు ఆటకు 71 దాకా రీబౌండ్లు దక్కేవి, వెస్ట్‌బ్రూక్ ఆడిన ఆ సీజన్‌లో సగటు 44 లోపే. ఆ లెక్కన మొదటివాడు ఆరో వంతు కన్నా కొంచెం ఎక్కువ, రెండోవాడు దాదాపు నాలుగో వంతు పట్టినట్లు. పైగా వెస్ట్‌బ్రూక్ ఆటకు సుమారు పది నిమిషాలు తక్కువ సేపు కోర్టులో ఉన్నాడు. మరోవైపు, అసిస్టు అనేది బల్ల దగ్గర కూర్చున్న స్కోరరు విచక్షణ మీద ఆధారపడిన లెక్క. ఏ పాసును అసిస్టుగా రాయాలన్న కొలత కాలంతో పాటు సడలుతూ వచ్చింది. అక్కడ మొగ్గు పాతవాడి వైపు ఉంటుంది.

అసలు రాయనే రాయని అంకెల సంగతి మరింత విచిత్రమైనది. ఎన్‌బీఏలో బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ను అడ్డుకోవడం), స్టీళ్ళు (ఎదుటివాడి బంతిని లాక్కోవడం) లెక్కించడం 1973-74 సీజన్‌లో మొదలైంది. 13 సీజన్లలో 11 టైటిళ్ళు గెలిచిన బిల్ రస్సెల్ 1969లోనే తప్పుకున్నాడు, చాంబర్లిన్ 1973లో ఆపేశాడు. రస్సెల్ ఆటకు ప్రాణం రక్షణే. ఎదుటివాడి షాట్‌ను గాలిలోనే అడ్డుకుని, బంతి బయటికి పోకుండా తనవాళ్ళ చేతిలో పడేలా తట్టడం అతడి విద్య. ఆ విద్యకు అధికారిక లెక్కల పట్టికలో ఒక్క గడి కూడా లేదు. అంకెలతోనే తేల్చుదామనేవారు రస్సెల్ దగ్గర ఆగిపోక తప్పదు.

దూరపు గీత అవతలి నుంచి వేస్తే రెండుకు బదులు మూడు పాయింట్లు వచ్చే త్రీ పాయింటర్‌ది వేరే కథ. ఎన్‌బీఏ ఆ గీతను 1979-80లో గీసింది. తొలి సీజన్‌లో జట్టుకు ఆటకు మూడు ప్రయత్నాలు కూడా ఉండేవి కావు, 2023-24లో అవి 35కు చేరాయి. గురికి మారుపేరైన లారీ బర్డ్ ఏ సీజన్‌లోనూ వంద త్రీలు వేయలేదు, కర్రీ 2015-16లో 402 వేశాడు. బర్డ్‌కు చేతకాక కాదు. అంత దూరం నుంచి వరుసగా వేస్తే ఆ కాలపు కోచ్‌లు బెంచీ మీద కూర్చోబెట్టేవారు.

శరీరాలు, వసతుల విషయంలో మాత్రం నేటివారి ఆధిక్యాన్ని ఒప్పుకోవాలి, అయితే దాన్ని వారి గొప్పగా లెక్కకట్టకూడదు. పాతవారు పలుచని అడుగున్న కాన్వాసు బూట్లతో ఆడారు, సీజన్ లేనప్పుడు వేరే ఉద్యోగాలు చేసుకున్నారు. 1958లో మారిస్ స్టోక్స్ కిందపడి తల నేలకు కొట్టుకుని స్పృహ తప్పితే, తేరుకున్నాక మళ్ళీ కోర్టులోకి పంపారు; కొద్ది రోజుల్లోనే అతడికి శరీరం చచ్చుబడింది. నేడు తలకు దెబ్బ తగిలిన ఆటగాడిని వైద్యుడి అనుమతి లేకుండా బరిలోకి దింపరు. బంతిని నడిపే తీరూ మారింది. ఒకప్పుడు చేయి బంతికి పక్కగానో కిందుగానో వెళితే రిఫరీ ఈల వేసేవాడు. బంతిని నడిపే నేటి గార్డుల విన్యాసాల్లో సగం ఆ ఈల కింద ఆగిపోయేవే. బంతి చేతికి కుదిరాక రెండడుగులు వేయవచ్చని ఎన్‌బీఏ 2009లో రాసుకుంది, అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా 2017లో అలాంటి నిబంధనే తెచ్చింది. కాసేవాడు చేత్తో నెట్టి ఆపడాన్ని 2004 నుంచి ఎన్‌బీఏ గట్టిగా అరికట్టింది.

పాతవారి పక్షాన మాట్లాడేవారు దాచలేని సంగతి ఒకటుంది. 1950 దాకా ఎన్‌బీఏలో నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు. ఆ ఏడాది ఎర్ల్ లాయిడ్ తొలిసారి బరిలోకి దిగాడు. అంటే మైకన్ తొలి విజయాలు దేశంలోని ప్రతిభలో ఒక భాగాన్ని తలుపు బయట నిలబెట్టి సాధించినవి. 1961-62లో జట్లు తొమ్మిదే, నేడు 30. జట్లు తక్కువ కావడం వల్ల చాంబర్లిన్ మళ్ళీమళ్ళీ రస్సెల్‌నే ఎదుర్కోవలసి వచ్చిందన్నది ఎంత నిజమో, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే పోటీ అప్పుడు లేదన్నదీ అంతే నిజం. అందుకే ఒక ఆటగాడు తన కాలపు సాటివారి కన్నా ఎంత ఎత్తున నిలిచాడన్నదే నా దృష్టిలో కొంతవరకు పనికొచ్చే కొలమానం. ఆ కొలమానంతో చూస్తే చాంబర్లిన్, రస్సెల్ చెక్కుచెదరరు; మైకన్ విషయంలో కొంత తగ్గించి చూడక తప్పదు.

మన కోర్టుల దగ్గర ఈ చరిత్ర పుస్తకాల్లో కాకుండా నేల మీదే కనిపిస్తుంది. ఇక్కడ ఆడేది ఫీబా నిబంధనలతో. ఫీబా మూడు పాయింట్ల గీతను 1984లో తెచ్చింది కనుక, అంతకుముందు కళాశాల జట్లకు ఆడిన మా పెద్దలు ఎంత దూరం నుంచి వేసినా దక్కింది రెండు పాయింట్లే. 2010లో ఆ గీత 6.25 మీటర్ల నుంచి 6.75కు జరిగింది, రింగు ముందు కింద వెడల్పుగా పైన ఇరుకుగా ఉండే ఆకారం పోయి దీర్ఘచతురస్రం వచ్చింది. నేను సాయంత్రాలు వెళ్ళే కోర్టులో కొత్త రంగు వేసినప్పుడు పాత గీతలను సరిగా చెరపలేదు. వర్షాకాలం వచ్చి పైరంగు పెచ్చులు ఊడినప్పుడల్లా పాత గీత అర మీటరు లోపలగా మళ్ళీ తేలుతుంది. మా పీడీ గారు, ఇప్పుడు డెబ్బై దాటిన మనిషి, ఆ గీత మీదే నిలబడి షాట్ వేస్తారు. పడితే కుర్రవాళ్ళు రెండని అరుస్తారు, ఆయన మూడు వేళ్ళు చూపిస్తారు.