మన సంఘంలో పెద్ద ఎవరు?

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య వందనాలు. సండే స్కూలు అయ్యాక మీలో ఒకరు నన్ను అడిగారు: "మన గుడిలో అందరికంటే పెద్ద ఎవరు తాతయ్యా? పాస్టరు గారా, సెక్రటరీ గారా?" ఏదో ఒక పేరు చెప్పేసి ఇంటికి వచ్చేయవచ్చు. కానీ ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు సంఘాల పుట్టుక తెలిసినవాడు అలా చెప్పకూడదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

ముందు పద్ధతి సంగతి. పాస్టరు గారు మన కాపరి. వాక్యం చెబుతారు, బాప్తిస్మాలిస్తారు, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే బల్ల ఆరాధన జరిపిస్తారు, పెళ్లికీ చావుకీ మనింటికి వస్తారు. అయితే ఆయనను పిలుచుకున్నది సంఘం. సంఘం పనులు చూసే డీకన్లను ఎన్నుకునేది సంఘం. కానుకల లెక్క చదివి వినిపించవలసినది సంఘానికి. సంఘమంటే బాప్తిస్మం తీసుకుని, రిజిస్టరులో పేరు రాయించుకున్న ప్రతివారూ. కాలేజీలో పాఠాలు చెప్పే బాబాయికీ ఒకటే ఓటు, బజారులో చేపలమ్మే మామ్మకూ ఒకటే ఓటు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీసి చూడండి. రోజువారీ పంపకంలో కొందరు విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని గొడవ వస్తే, అపొస్తలులు తామే తీర్పు చెప్పి పంపేయలేదు. "మీలో ఏడుగురిని మీరే ఏర్పరచుకోండి" అన్నారు. డీకన్ల వరుస అక్కడ మొదలైందని మనవాళ్లు చెబుతారు. గమనించారా, అది మొదలైంది అన్నం పంపకం దగ్గర!

ఇక మన చరిత్ర. పండుగ ప్రసంగాలలో ఇది ఎప్పుడూ అమెరికా నుంచి వచ్చిన మిషనరీ దొరతోనే మొదలవుతుంది. నాకు అది నచ్చదు. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఒంగోలులోని కొండ మీద ప్రార్థన చేసినవారు ఐదుగురు. జ్యూయెట్ దొర, దొరసాని, వారితోపాటు ముగ్గురు తెలుగువారు: నరసు, జూలియా, రూతు. ఆ కొండను ప్రార్థన కొండ అనడం మీకు తెలుసు. జ్యూయెట్ పేరు ఒంగోలులో పెద్ద గుడికి ఉంది. మిగతా ముగ్గురి పేర్లు మీలో ఎంతమందికి తెలుసు? ఇద్దరు స్త్రీలు చీకట్లో కొండెక్కి, తమ ఊరు కాని ఊరి కోసం ప్రార్థించారంటే అది చిన్న సంగతా?

ఆ తర్వాత పన్నెండేళ్లు ఒంగోలుకు ఎవరూ వచ్చి కాపురముండలేదు. అమెరికాలో బాప్టిస్టులు నెల్లూరులో నడుస్తున్న ఈ తెలుగు మిషను దండగని, మూసేద్దామని మళ్లీ మళ్లీ అనుకున్నారు. పటంలో ఒక్క నెల్లూరే చుక్కలా కనబడేదని దీనికి 'ఒంటి నక్షత్రం' అనే పేరు కూడా పడింది. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిదిమంది.

అదే నెలలో తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మం పొందారు. దొర అక్కడికి వెళ్లి బోధిస్తే వచ్చినవారు కారు వాళ్లు. ఆయన వెళ్లేసరికే సిద్ధంగా ఉన్నారు. వాళ్లను సిద్ధం చేసినవాడు యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారం చేసేవాడు. అంతకుముందు గురువు దగ్గర రాజయోగం నేర్చిన సాధకుడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రీస్తు మాట విన్నాడు. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకుని, తన వాళ్ల ఇళ్లన్నీ తిరిగి చెప్పాడు. చదువుకున్నవాడు కాదు. అయినా తత్త్వం మాట్లాడితే జనం కదలకుండా వినేవారట. మన మొదటి నాయకుడెవరని నన్నడిగితే నేను ఈయన పేరే చెబుతాను.

అప్పుడే మొదటి పరీక్ష వచ్చింది. ఒంగోలులో పై కులాలవారు క్లౌ దొరను ఆదరించారు, తమ పిల్లలను ఆయన బడికి పంపారు. మాదిగలను చేర్చుకుంటే మాత్రం తాము రామన్నారు. ఏం చేయాలో తోచక దొర ఒక గదిలో, దొరసాని మరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందని ఆయనే చెప్పుకున్నాడు. "లోకములోనుండు వెఱ్ఱివారిని దేవుడు ఏర్పరచుకొనియున్నాడు" అనే మాటలున్న ఒకటో కొరింథీయుల మొదటి అధ్యాయం అది. బడి ఖాళీ అయితే కానిమ్మని వాళ్లు పేరయ్య మనుషులనే ఎంచుకున్నారు. సంఘంలో చేరేవారికి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి సులువే. కానీ ఊరి పశువు చచ్చిపోతే ఎత్తడం, ఊరి పండుగలో డప్పు కొట్టడం మాదిగవారి వెట్టిగా సాగిన రోజులవి. ఆ మూడు నియమాలు పాటించడమంటే ఊరి పెత్తందారులకు కాదని చెప్పడమే. దెబ్బలు తిన్నారు, నీళ్లకూ పనికీ దూరమయ్యారు.

దొరకు గుర్రముంటే ఉండవచ్చు గానీ, అన్ని పల్లెలు ఒక్కడు తిరగలేడు. అందుకని పల్లెల్లోని బోధకులు, పంతుళ్లు మూడు నెలలకోసారి ఒంగోలు వచ్చేవారు. తమ పల్లెల సంగతులు చెప్పుకునేవారు, తగవులు తేల్చుకునేవారు, పాఠం నేర్చుకుని తిరిగి వెళ్లేవారు. పల్లెలో తగవు వస్తే పెద్దలు పంచాయతీ పెట్టి మాట్లాడుకునే పాత అలవాటునే క్లౌ సంఘానికీ వాడుకున్నాడు. మన డీకన్ల మీటింగులో మాట మాటకు తాత ముత్తాతల పేర్లెత్తి వాదించుకుంటారని మీరు నవ్వుతుంటారు కదా. ఆ లక్షణం అమెరికా నుంచి దిగుమతి అయినది కాదు!

1876లో ధాత కరువు వచ్చింది. రెండేళ్లపాటు జనం రాలిపోయారు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. భూమి కొలతల పని ఆయన అమెరికాలోనే చేసి ఉన్నాడు. మన బోధకులు మేస్త్రీలై కూలి పని చూశారు. ఏ కులంవారు వచ్చినా పని, కూలి. కాలువ గట్టున బోధ వింటూ చాలామంది బాప్తిస్మం అడిగారు. ఇవ్వలేదు. పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారనే మాట పడకూడదని, నిజంగానే కూటి కోసం వచ్చేవారు చేరకూడదని.

సాయం ఆగిపోయింది, ఇక రావద్దని కబురు పంపాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలైలో ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో జనం గుమిగూడారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకె మీకు కంఠతా వచ్చు. ఆ రోజు క్లౌ దొర ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదన్నది మాత్రం పోటీ పరీక్షల్లో ఎవరూ అడగరు. నీళ్లలో దిగినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారికి ఇద్దరు చొప్పున, అలసిపోతే మరో ఇద్దరు. తమ పల్లె నుంచి వచ్చిన వారిని ఎరిగిన బోధకులు, వారి పేర్ల జాబితాలు, ఫలానావాడిని నేనెరుగుదునని వాళ్లిచ్చిన సాక్ష్యం, వీటి మీదే ఆ పని అంతా నడిచింది. వేలమందిని దొర ఒక్కడు ఎరగడం సాధ్యమా?

కొన్నేళ్లలోనే ఒంగోలు సంఘం ఇరవై వేలు దాటింది. అంతమందికి ఒకే రిజిస్టరు ఏమిటని 1880లలో దానిని పల్లె సంఘాలుగా విడదీశారు. మన సంఘాల మూలం అక్కడే. 1903లో హోం మిషను అనే తెలుగు బాప్టిస్టుల సొంత మిషను సంస్థ జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపింది. అక్కడి తోటల్లో కూలీలుగా వెళ్లిన తెలుగువారి కోసం ఆ ఏడాది డిసెంబరులోనే కీర్స్నీలో సంఘం కట్టారు. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం అనే ఉమ్మడి సంస్థ ఏర్పడింది.

ఇంతటితో ఆపితే మీకు అబద్ధం చెప్పినట్టే. దొరలు వెళ్లాక మిగిలిన స్థలాల మీద, భవనాల మీద మన సంఘాల్లో తగాదాలు పుట్టాయి, కోర్టులకూ వెళ్లాయి. కులాలు కలిసి పాట పాడతాయి గానీ సంఘం ఎన్నికల రోజున విడిపోతాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన మాదిగకు ఎస్సీ హోదా ఉండదు. అందుకని పేరు రిజిస్టరులో ఒక రకంగా, సర్టిఫికెట్టులో మరో రకంగా ఉన్న కుటుంబాలున్నాయి. వాళ్లను ఎగతాళి చేయకండి. ఇక స్త్రీల సంగతి. గుడి ఊడ్చేది, ఇంటింటికీ తిరిగి కానుక పోగుచేసేది, రోగి దగ్గర కూర్చునేది వాళ్లే. డీకన్ల పేర్లు చదివితే మాత్రం ఒకటో రెండో స్త్రీల పేర్లు వినబడతాయి. జూలియా, రూతులతో మొదలైన సంఘానికి ఇది తగదని నా అభిప్రాయం. మీటింగులో కూడా చెప్పాను, కొందరికి కోపం వచ్చింది.

వచ్చే నెలలో మన సాధారణ సభ ఉంది. బాప్తిస్మం తీసుకోనివారికి ఓటు లేదు, కానీ వెనుక బెంచీల మీద కూర్చుని వినడానికి ఎవరూ అడ్డుచెప్పరు. లెక్కలు చదివేటప్పుడు నిద్రపోకండి. అర్థం కాని పద్దు ఉంటే రాసుకుని, బయటికొచ్చాక నన్నడగండి. పాత రిజిస్టర్లు సెక్రటరీ గారి బీరువాలో ఉన్నాయి, మీకు చూపించమని చెప్పాను. మీ ముత్తాతల పేర్లు వెతుక్కోండి. సంతకం రానివారి వేలిముద్రలు కూడా ఉంటాయి. వేలు తడిపి మాత్రం కాగితాలు తిప్పకండి, అవి ఇప్పటికే పెళుసెక్కి ఉన్నాయి.

ప్రేమతో,
మీ తాతయ్య