జీపీఎస్ అక్యురసీ అంకె ఎందుకు నిలకడగా ఉండదు?

ఫోన్‌ని ఆరుబయట కదలకుండా పెట్టి జీపీఎస్ యాప్ తెరిచి చూడండి, అక్యురసీ 4 మీటర్లు అంటుంది, కాసేపటికి 9 అంటుంది, మళ్లీ 5కి దిగుతుంది, దాంతో చాలామంది రిసీవర్ పాడైందేమో అనుకుంటారు. పాడవ్వలేదు. అసలు ఆ అంకె మన పొజిషన్ ఎంత తప్పిందో కొలిచి చెప్పేది కాదు, తప్పు ఎంతో రిసీవర్‌కి తెలిస్తే అప్పుడే సరిచేసుకునేది కదా! అందిన సిగ్నల్స్‌ని బట్టి అది వేసుకునే అంచనా మాత్రమే. ఆండ్రాయిడ్‌లో 5 మీటర్లు అని చూపిస్తే, మనం నిజంగా ఉన్న చోటు ఆ 5 మీటర్ల వ్యాసార్థమున్న వృత్తంలో ఉండే అవకాశం 68 శాతం అని అర్థం, అంటే బయట ఉండే అవకాశం కూడా తక్కువేం కాదు.

మనం కదలకపోయినా పైన శాటిలైట్లు ఆగవు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకి సుమారు 3.9 కిలోమీటర్ల వేగంతో తిరుగుతూ ఒకటి దిగిపోతుంటే ఇంకోటి పైకొస్తుంటుంది. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, వీటితో పాటు రిసీవర్ గడియారంలో తేడా కూడా తేలాలి కాబట్టి కనీసం నాలుగు శాటిలైట్లు కావాలి. అవి ఆకాశమంతా పరుచుకుని ఉంటే లెక్క గట్టిగా కుదురుతుంది, ఒకే పక్కన గుంపుగా ఉంటే మాత్రం చిన్న తప్పు కూడా పెద్దదై కూర్చుంటుంది. దీన్ని కొలిచే అంకెనే డీఓపీ అంటారు, అది ఎంత తక్కువుంటే అంత మంచిది. ఒక్క శాటిలైట్ గోడ చాటుకి పోయినా అక్యురసీ ఒక్కసారిగా దెబ్బతిని అంకె పెరిగేది ఇందుకే.

వీటన్నిటికంటే మోసం చేసేది మల్టీపాత్. సిగ్నల్ నేరుగా రాకుండా పక్క బిల్డింగ్ అద్దాలకి తగిలి వస్తుంది, రిసీవర్ దూరాన్ని సిగ్నల్ రావడానికి పట్టిన టైమ్‌తోనే లెక్కగడుతుంది, వెలుతురు వేగంతో వచ్చే సిగ్నల్ 1 నానోసెకనులో (సెకనులో వందకోట్ల వంతు) 30 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి 50 నానోసెకన్లు లేటైతే ఆ శాటిలైట్ దూరం 15 మీటర్లు ఎక్కువ వచ్చేస్తుంది. ఆ సిగ్నల్ బలంగానే ఉంటే రిసీవర్‌కి అనుమానం కూడా రాదు, పైన 4 మీటర్లు అని ధీమాగా చూపిస్తూనే చుక్కని రోడ్డుకి అవతల పెట్టేస్తుంది. అందుకే అంకె చిన్నగా ఉంది కదా అని ఎత్తైన బిల్డింగుల మధ్య దాన్ని నమ్మకూడదనే నేను గట్టిగా చెప్తాను.

వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉన్న పొర, అయనోస్ఫియర్ కూడా సిగ్నల్‌ని ఆలస్యం చేస్తుంది, మధ్యాహ్నం పూట ఇంకా ఎక్కువ. శాటిలైట్లు పంపే ఎల్1, ఎల్5 అనే రెండు ఫ్రీక్వెన్సీలూ అందుకునే ఫోన్లు రెండిటి మధ్య తేడా చూసి దీన్ని చాలావరకు తీసేయగలవు. 2000 మే దాకా అయితే అమెరికా కావాలనే మామూలు జనం వాడే సివిల్ సిగ్నల్‌లో తప్పు కలిపేది, అప్పట్లో పొజిషన్ 100 మీటర్ల దాకా పోయేది.

రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి ఏది తక్కువ చూపిస్తే అదే మంచిదనుకోవడం కూడా సరికాదు, ఒక్కో కంపెనీ ఆ అంచనాని ఒక్కోలా లెక్కగడుతుంది. నిజంగా తేల్చుకోవాలంటే కోఆర్డినేట్లు కచ్చితంగా తెలిసిన సర్వే రాయి దగ్గర నిలబడి చూడాలి. ఏదైనా చోటు బాగా గుర్తించాలనుకుంటే వరుసగా పది సెకన్ల రీడింగులు యావరేజ్ చేసినా పెద్దగా లాభం లేదు, వాటన్నిట్లోనూ ఉండేది దాదాపు ఒకటే తప్పు, కొన్ని గంటలాగి శాటిలైట్లు వేరే చోట్లకి జరిగాక మళ్లీ తీసి కలిపితేనే తేడా తెలుస్తుంది.