డిష్‌లో పెరిగే రెటీనా: అపోహలు - వాస్తవాలు

ల్యాబ్‌లో రెటీనా ఆర్గనాయిడ్లు, అంటే ఏ కణంగానైనా మారగల మూలకణాల (స్టెమ్ సెల్స్) నుంచి డిష్‌లో పెరిగే బుల్లి రెటీనా ముద్దలు, పెంచడం నా ఉద్యోగం. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగి ఈ మాట వింటే, వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "అంటే కళ్లు తయారు చేస్తున్నావా?"

అపోహ: అది బుల్లి కన్ను.

కాదు. కార్నియా ఉండదు, లెన్సు ఉండదు, రక్తనాళాలు ఉండవు. కంటి వెనక ఉండే రెటీనా పొర మాత్రమే, అదీ సగ్గుబియ్యం గింజంత. 2011లో జపాన్‌లో యోషికి ససాయి బృందం ఎలుక మూలకణాలు వాటంతటవే కంటి గిన్నెలా ముడుచుకోవడం చూపించింది. మరుసటి ఏడాది మనిషి కణాలతోనూ చేసింది. మెదడుకు వెళ్లే దారి లేదు కాబట్టి చూపు సంకేతాల్ని మెదడుకు మోసే గాంగ్లియాన్ కణాలు కొన్ని నెలల్లో చాలావరకు చచ్చిపోతాయి. అందుకే, ఆ కణాలే దెబ్బతినే గ్లాకోమా ప్రశ్నలకు ముదిరిన ఆర్గనాయిడ్‌ని నేను నమ్మను.

అపోహ: దీనికి పిండాలు కావాలి.

ససాయి వాడినవి పిండ మూలకణాలే. మాకు మాత్రం రోగి ఇచ్చే కాస్త రక్తం చాలు. జపాన్ శాస్త్రవేత్త యమనాకా కనిపెట్టిన పద్ధతిలో ఆ రక్తకణాల్ని మూలకణాలుగా మారుస్తాం. రోగి జన్యువులో ఉన్న తప్పు వాటిలోనూ అలాగే ఉంటుంది.

అపోహ: రెండు వారాల్లో రిజల్ట్ వచ్చేస్తుంది.

అలా వస్తే ఎంత బాగుండు! నెల దగ్గరపడ్డాక, మైక్రోస్కోప్ కింద అంచు మెరుస్తూ కనిపించే ముక్కల్ని సూదితో ఏరుతాం. తర్వాత రెండు మూడు రోజులకోసారి మీడియా (కణాలకు పోషణనిచ్చే ద్రవం) మార్చాలి, ఆదివారమైనా సరే. ఆరు నెలలు దాటాక అంచు చుట్టూ లేత బెండకాయ నూగులాంటిది కనిపిస్తుంది. వెలుగును పట్టే కణాల కొసలవి. ఒక సంక్రాంతి సెలవుల్లో, కణాలు పెరిగే ఇంక్యుబేటర్‌కు గ్యాస్ ఇచ్చే సిలిండర్ ఖాళీ అయిందని ఎవరూ చూడలేదు. ఐదు నెలల బ్యాచ్ మొత్తం పోయింది. మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాం.

అపోహ: జన్యు పరీక్షలో తప్పు దొరికాక ఇంక ఇదెందుకు?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. పుట్టుకతోనే చూపు పోయే లెబర్ జబ్బుకు కారణమయ్యే జన్యువుల్లో సీఈపీ290 ఒకటి. అందులో ఎక్కువగా కనిపించే ఒక తప్పు వల్ల, జన్యు సందేశంలో అక్కర్లేని ముక్క ఒకటి దూరి, ప్రొటీన్ మధ్యలోనే ఆగిపోతుంది. అయితే అదే తప్పు ఒంట్లో ప్రతి కణంలోనూ ఉన్నా దెబ్బ కంటికే ఎందుకు? రోగి చర్మకణాల్ని చూస్తే సరైన సందేశం కూడా బాగానే తయారవుతోంది. 2016లో లండన్ పరిశోధకులు అదే రోగి కణాలతో ఆర్గనాయిడ్లు పెంచి చూశారు. వెలుగును పట్టే ఫొటోరిసెప్టార్ కణాల్లో ఆ అక్కర్లేని ముక్క దూరడం చాలా ఎక్కువగా ఉంది. బతికున్న మనిషి రెటీనాలోంచి ముక్క కోసి చూడలేం కదా, ఈ సంగతి ఇంకెలా తెలుస్తుంది?

అపోహ: డిష్‌లో పనిచేసిన మందు కంట్లోనూ పనిచేస్తుంది.

సీఈపీ290 సందేశంలో ఆ అక్కర్లేని ముక్క దూరకుండా ఆపే సెపోఫార్సెన్ అనే మందు ఆర్గనాయిడ్లలో పనిచేసింది. తర్వాత రోగులపై జరిగిన పెద్ద ట్రయల్ 2022లో ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు.

అపోహ: స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో చూపు వస్తుంది.

టెన్షన్‌లో ఉన్న తల్లిదండ్రులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. అమెరికాలోని ఫ్లోరిడాలో పొట్ట కొవ్వులోంచి తీసిన కణాల్ని రెండు కళ్లలోకీ ఎక్కించుకున్న ముగ్గురు మహిళల చూపు దారుణంగా దెబ్బతిందని 2017లో డాక్టర్లు ప్రచురించారు. మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం రెటీనా జబ్బులకు స్టెమ్ సెల్ వైద్యం ఇంకా ప్రయోగ దశలోనే ఉంది, డబ్బు తీసుకుని చేయకూడదు. మాలాంటి వాళ్లం పరిశోధనకు రక్తం తీసుకునేటప్పుడు సంతకం అడుగుతాం, పైసా అడగం.