తుప్పు పట్టిన పాత బ్యాండ్ సా కొనొచ్చా?

బ్యాండ్ సా అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే రంపం బ్లేడుతో చెక్క కోసే మెషిన్. పాతది ఒకటి అమ్మకానికి వచ్చిందంటే ఫొటో చూసిన వాళ్ళందరూ మొదట అనే మాట "అబ్బో, మొత్తం తుప్పే కదా" అని. అదే డబ్బుకి మెరిసిపోయే కొత్త చిన్న మెషిన్ వస్తుంటే ఎవరికైనా మనసు అటే లాగుతుంది. నేను మాత్రం తుప్పు ఎంతుందని కాకుండా ఏ పార్టు మీద ఉందో చూసి తేల్చుకోమంటాను, ఎందుకంటే కొన్ని చోట్ల తుప్పు గంట పని, కొన్ని చోట్ల అది మెషిన్ ప్రాణమే తీసేస్తుంది.

తుప్పంటే ఇనుము, ఆక్సిజన్, నీళ్ళు కలిసి తయారయ్యే పదార్థం. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడ్ పొర గట్టిగా అతుక్కుని లోపలి లోహాన్ని కాపాడుతుంది కానీ ఇనుము తుప్పు అలా కాదు, అది పోయిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి ఉబ్బి పొట్టులా లేచిపోతుంది, ఆ సందుల్లోంచి తేమ మళ్ళీ లోపలికి దిగుతుంది. ఉప్పు ఉంటే ఈ రియాక్షన్ ఇంకా జోరుగా నడుస్తుంది, అందుకే విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సముద్రపు గాలికి వదిలేసిన మెషిన్ని ఇంకొంచెం అనుమానంగా చూడాలి. అయినా మామూలు ఊళ్ళలో ఆరుబయట ఉన్న ఇనుము ఏడాదికి పోగొట్టుకునేది కొన్ని పదుల మైక్రాన్లే, మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. మందంగా పోత పోసిన ఫ్రేముకి అది లెక్కలోకే రాదు, పల్చటి రేకు స్టాండుకైతే ఏళ్ళ తరబడి వదిలేస్తే చిల్లులు పడొచ్చు.

చెక్క ఆనించే టేబుల్ మీద ఒక మూల పాత బ్లేడు ముక్కతో గీకి చూడండి. నారింజ పొడి రాలి కింద బూడిద రంగు లోహం నున్నగా కనిపిస్తే అది పైపై తుప్పు, కిరోసిన్ వేసి స్క్రబ్బర్‌తో రుద్దితే పోతుంది. గోరు తగిలేంత గుంటలు ఉన్నా టేబుల్ పనికొస్తుంది, చెక్క జారడానికి గుంటలు పెద్దగా అడ్డం రావు. విడదీయగలిగిన చిన్న పార్టుల్ని వాషింగ్ సోడా నీళ్ళలో ముంచి బ్యాటరీ ఛార్జర్ మైనస్ వైరు పార్టుకి, ప్లస్ వైరు ఒక పాత ఇనుప ముక్కకి తగిలిస్తే తుప్పు వదులై ఊడొస్తుంది. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీల్ మాత్రం అస్సలు పెట్టకండి, దాన్నించి విషపూరితమైన క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది, పైగా హైడ్రోజన్ గ్యాస్ కూడా వస్తుంది కాబట్టి ఈ పని ఆరుబయటే చేయాలి. షాపుల్లో దొరికే కొన్ని రస్ట్ కన్వర్టర్లలో ఉండేది టానిక్ ఆసిడ్, తుప్పుని నల్లటి పొరగా మార్చేస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో గీస్తే నలుపు వచ్చేది కూడా ఇదే కెమిస్ట్రీతో.

ఇక భయపడాల్సిన చోట్లకి వస్తే, ముందు బేరింగులు. బ్లేడు తీసేసి చక్రాన్ని చేత్తో తిప్పితే గరగరమన్నా, ఆగి ఆగి తిరిగినా లోపల బాల్స్ నడిచే దారిలో తుప్పు గుంటలు పడ్డట్టే, అవి తిరిగేకొద్దీ పెరుగుతాయి తప్ప తగ్గవు. కానీ చాలా మెషిన్లలో ఉండేవి 6203, 6204 లాంటి స్టాండర్డ్ నంబర్లే, 6204 అంటే ఎక్కడ కొన్నా లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు, బయటిది 47, కాబట్టి ఏ బేరింగ్ షాపులో అయినా తెచ్చి మార్చుకోవచ్చు. చక్రం మీది రబ్బరు టైరు పగిలినా కొత్తది వేయొచ్చు. షాఫ్టు వంగినా, చక్రం విరిగినా, ఫ్రేములో పగులున్నా బేరం వదిలేయండి, పోత ఇనుముని (బీడుని) వెల్డ్ చేయడం అందరి వల్లా అయ్యే పని కాదు.

ఫ్రేము గురించి ఇంత పట్టుబట్టడానికి ఒక లెక్క ఉంది. 12 మిల్లీమీటర్ల వెడల్పు, 0.6 మందం ఉన్న బ్లేడుని చదరపు మిల్లీమీటరుకి 100 న్యూటన్ల టెన్షన్‌తో లాగితే ఒక్కో వైపు 720 న్యూటన్లు, రెండు వైపులా కలిపి 1440, అంటే దాదాపు 147 కిలోల బరువు ఎంత లాగుతుందో అంత బలంతో రెండు చక్రాలూ ఒకదాని వైపు ఒకటి లాగబడుతుంటాయి. ఫ్రేము వంగే రకమైతే ఆ టెన్షన్ నిలవదు, బ్లేడు మెలికలు తిరిగి మందం చెక్కలో వంకర కోత వస్తుంది. పోత ఇనుములో ఉండే గ్రాఫైట్ రేకులు అదురుని కూడా పీల్చుకుంటాయి. అలాగని రేకు ఫ్రేములన్నీ తీసిపారేయాల్సినవి కావు, మందపాటి స్టీల్‌ని పెట్టెలా వెల్డ్ చేసిన పెద్ద మెషిన్లు చాలా గట్టిగా ఉంటాయి, తక్కువ రేటుకొచ్చే పల్చటివాటితోనే ఇబ్బంది. అమెరికాలో డెల్టా కంపెనీ 1930ల్లో తెచ్చిన 14 అంగుళాల పోత ఇనుము డిజైన్‌ని తర్వాత తైవాన్‌లో ఎన్నో కంపెనీలు కాపీ కొట్టాయి, దానికి టైర్లు, బ్లేడు పక్కకి జరక్కుండా పట్టే గైడ్లు ఇప్పటికీ దొరుకుతాయి కాబట్టి అలాంటిది కనిపిస్తే తుప్పు చూసి వెనక్కి తగ్గకండి.

మోటారు సంగతి వేరే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాతది త్రీ ఫేజ్ అయ్యుంటుంది, ఇంట్లో సింగిల్ ఫేజ్ ఉంటే దాన్ని త్రీ ఫేజ్‌గా మార్చి ఇచ్చే వీఎఫ్‌డీ అనే పరికరం పెట్టాలి లేదా మోటారే మార్చాలి, తేమలో ఉన్న వైండింగ్‌ని (మోటారు లోపలి తీగ చుట్టని) మెగ్గర్‌తో, అంటే ఇన్సులేషన్ పాడైందో లేదో కొలిచే మీటర్‌తో చెక్ చేయించకుండా స్విచ్ వేయకూడదు. బ్లేడు, టైర్లు, బేరింగులు, మోటారు ఖర్చు ముందే రాసుకుని పాత మెషిన్ ధరకి కలపండి, మొత్తం కొత్తదాని ధరలో సగం దాటకపోతే నేనైతే పాతదే తెచ్చుకుంటాను. వచ్చే వారమే కస్టమర్ పని మొదలుపెట్టాల్సిన వాళ్ళు, రిపేరుకి టైం లేని వాళ్ళు కొత్తది తీసుకోవడమే కరెక్ట్. ఏది కొన్నా చక్రాల మీద తలుపులు, బ్లేడు గార్డు లేకుండా ఆన్ చేయకండి, 14 అంగుళాల చక్రం నిమిషానికి 800 సార్లు తిరిగితే బ్లేడు సెకనుకి దాదాపు 15 మీటర్లు పరిగెత్తుతుంది, అది తెగితే ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.