ఆఫీసు ప్యాంట్రీలో ఉచిత కాఫీ, నీళ్లు: అపోహలు - వాస్తవాలు

పొద్దున ఆఫీసులోకి రాగానే నేను ముందు చేసే పని కాఫీ మెషిన్ కింది ట్రే బయటికి లాగి వాసన చూడడం. పుల్లటి వాసన వచ్చిందంటే రాత్రి దాన్ని ఎవరూ కడగలేదన్నమాట. ఆఫీసుల్లో తాగునీరు, కాఫీ, టీ ఏర్పాట్లు చూసుకోవడం పద్నాలుగేళ్లుగా నా ఉద్యోగం. బయటివాళ్లకు ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ రోజూ వందలమంది నోట్లోకి వెళ్లేవి ఇవి, తేడా వస్తే ముందు పాడయ్యేది వాళ్ల ఒళ్లే. ఇన్నేళ్లలో మేనేజర్ల దగ్గర, ఉద్యోగుల దగ్గర పదే పదే విన్న మాటలు కొన్నున్నాయి. వాటి గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: నీళ్లు కూడా కాఫీలాగే కంపెనీ దయతో ఇచ్చే సౌకర్యం

కానే కాదు. ఖర్చుల తగ్గింపు మీద జరిగిన ఒక మీటింగులో నా ముందు పెట్టిన కాగితంలో ‘నీళ్లు, కాఫీ, బిస్కెట్లు’ అని మూడూ ఒకే వరసలో ఉన్నాయి. పక్కన ‘సగానికి తగ్గించాలి’ అని రాసి ఉంది. ఆ వరసలోంచి నీళ్లను తీసేసి అద్దె, కరెంటు ఉన్న చోట రాయండి, అప్పటిదాకా మిగతాదాని గురించి మాట్లాడుకోవద్దు అన్నాను.

దుకాణాల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల పరిశుభ్రత కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1964లోనే 120వ నంబరు ఒప్పందం చేసింది. పనిచేసేవాళ్లకు సరిపడా మంచి తాగునీరుగానీ, ఆరోగ్యానికి హాని చేయని మరో పానీయంగానీ అందుబాటులో ఉంచాలని అందులో ఉంది. అమెరికా కార్మిక భద్రతా నిబంధనలైతే పనిచేసే ప్రతిచోటా తాగునీరు ఉండాలంటాయి, అందరూ ఒకే గ్లాసుతో తాగే పద్ధతిని నిషేధిస్తాయి కూడా. కాఫీ ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. నీళ్ల విషయంలో ఇష్టాయిష్టాల ప్రసక్తే లేదు.

అపోహ: ఫిల్టర్ పెట్టించాం, ఇక నీళ్ల గురించి బెంగ లేదు

నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టే మాట ఇదే. ఫిల్టర్‌లోని కార్బన్ నీళ్లకున్న క్లోరిన్ వాసనను లాగేస్తుంది. రుచి బాగుపడుతుంది, నిజమే. కానీ దారిలో సూక్ష్మజీవులు పెరగకుండా కాపాడేది కూడా ఆ క్లోరినే. అది పోయాక ఫిల్టర్ నుంచి కుళాయి దాకా ఉన్న పైపులో, ట్యాంకులో నీళ్లకు కాపలా ఉండదు. రెండు రోజులు సెలవు వచ్చి నీళ్లు కదలకుండా నిలిచిపోతే లోపలి గోడలకు జారుడు పొర పట్టడం మొదలవుతుంది. గడువు దాటిన కార్ట్రిడ్జ్ (ఫిల్టర్‌లో మార్చే భాగం) అయితే మరీ ప్రమాదం, సూక్ష్మజీవులకు అదే ఇల్లవుతుంది.

సూక్ష్మజీవులను చంపే అల్ట్రావయొలెట్ దీపం ఉన్న మెషిన్లలో మరో చిక్కు ఉంది. దీపం వెలుగుతూనే ఉంటుంది, లోపల శక్తి మాత్రం తగ్గిపోతూ వస్తుంది. ఈ దీపాలు చాలావరకు 9,000 గంటల వాడకానికి లెక్కగట్టి చేస్తారు. రాత్రీ పగలూ వెలిగే దీపానికి అది సుమారు ఒక ఏడాది. ‘నీలం లైటు వస్తోంది కదా సార్’ అని సర్వీసు మెకానిక్ చెప్పినా సరే, ఏడాది దాటితే నేను దీపం మార్పిస్తాను.

ఇక కుళాయి మూతి. ఒకసారి తెల్లటి దూదిపుల్ల ఒకటి డిస్పెన్సర్ మూతిలోకి పెట్టి తిప్పి, బయటికి తీసి మా అడ్మిన్ మేనేజర్‌గారికి చూపించాను. బూడిదరంగు జిగురు అంటుకుని ఉంది. అందరూ తాము తాగిన సీసా మూతిని ఆ కుళాయికి ఆనించి నింపుకుంటారు. ఒకరి నోటి నుంచి ఇంకొకరి సీసాలోకి దారి అక్కడే ఉంది. ఆ వారమే మూతులు లోపలికి ఉండే రకం డిస్పెన్సర్లకు అనుమతి వచ్చింది. అవి వచ్చేదాకా పూటకోసారి కుళాయిలు తుడిపించాను.

సెలవుల తర్వాత మొదటి రోజు పొద్దున్నే ప్రతి కుళాయి నుంచి రెండు మూడు లీటర్లు వదిలేయండి. వృథా అనుకోవద్దు, ఆ నీళ్లు మొక్కలకు పోయవచ్చు. క్యాన్లు వాడేచోట వాటిని ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టకండి, లోపల నాచు పడుతుంది. క్యాన్ మారిస్తే చాలదు, అది కూర్చునే గూడును కూడా మూడు నెలలకోసారైనా క్రిములను చంపే మందుతో శుభ్రం చేయాలి.

అపోహ: కాఫీ తాగితే ఒంట్లో నీళ్లన్నీ పోతాయి

కాఫీ అలవాటున్నవాళ్లలో మితంగా తాగితే అలా జరగదు. 2014లో బ్రిటన్ పరిశోధకులు కాఫీ అలవాటున్న 50 మంది మగవాళ్లతో మూడు రోజులు రోజుకు నాలుగు 200 మిల్లీలీటర్ల కప్పుల కాఫీ తాగించారు. మరో మూడు రోజులు అంతే నీళ్లు తాగించారు. ఒంట్లో నీటి స్థాయిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అలాగని నీళ్లకు బదులు కాఫీ పెడితే సరిపోతుందని కాదు. మితం దాటితే వచ్చే ఇబ్బందులు వేరే ఉన్నాయి.

అపోహ: ఎంత కాఫీ పోస్తే అంత పని నడుస్తుంది

మెదడులో పొద్దెక్కేకొద్దీ అడినోసిన్ అనే పదార్థం పేరుకుని నిద్రమత్తు తెస్తుంది. కాఫీలోని కెఫీన్ దాని చోటును ఆక్రమించి ఆ కబురు మెదడుకు అందకుండా చేస్తుంది. అలసట పోదు, తెలియకుండా ఉంటుందంతే. కెఫీన్ కరిగాక అంతా ఒక్కసారిగా మీద పడుతుంది.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ దాకా ఇబ్బంది లేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. గర్భిణులకు ఆ హద్దు 200 మిల్లీగ్రాములు. మామూలుగా కాచిన పెద్ద కప్పు కాఫీలో 90 నుంచి 100 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, టీలో దాదాపు అందులో సగం. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి ఇది చాలా మారుతుంది. అంటే సాయంత్రం ఐదింటికి తాగిన కప్పులో సగం రాత్రి పదింటికి కూడా మీతోనే ఉందన్నమాట.

అందుకే నేను చూసే ప్రతి ప్యాంట్రీలో డీకాఫ్, అంటే కెఫీన్ తీసేసిన కాఫీ, ఒక అరలో ఉండాల్సిందే. డీకాఫ్‌లో కెఫీన్ అసలు లేదని కొందరనుకుంటారు. కొద్దిగా ఉంటుంది, కప్పుకు కొన్ని మిల్లీగ్రాములు. డబ్బాల మీద పేరు పెద్ద అక్షరాలతో రాయించండి. ఒక ఆఫీసులో నెలలు నిండుతున్న ఒకావిడ డీకాఫ్ అనుకుని మామూలు పొడి కలుపుకుని వారం రోజులు తాగారు. రెండు డబ్బాలూ ఒకే రంగు. తప్పు నాదే, అవి పక్కపక్కన పెట్టించింది నేనే.

అపోహ: ఖరీదైన గింజలు కొంటే కాఫీ బాగుంటుంది

ఒకచోట ‘కాఫీ చేదుగా ఉంది, గింజలు మార్చండి’ అని ఫిర్యాదుల మీద ఫిర్యాదులు. మూడుసార్లు మార్చాం, ప్రతిసారీ ఇంకా ఖరీదైనవి. చేదు పోలేదు. చివరికి మెషిన్ పక్క తలుపు తెరిచి, కాఫీ దిగే భాగాన్ని బయటికి లాగాను. జల్లెడ మీద నల్లటి జిడ్డు వేలితో గీస్తే గీత పడేంత మందంగా ఉంది. కాఫీ గింజల్లో నూనె ఉంటుంది. అది వేడికి, గాలికి పాతబడి ముక్కిపోతుంది. ఆ తర్వాత దానిగుండా దిగే ఏ కాఫీకైనా అదే చేదు. శుభ్రం చేసే మాత్ర వేసి రెండుసార్లు తిప్పి, జల్లెడను వేడినీళ్లలో నానబెట్టి తోమించాం. మర్నాడు ముగ్గురు వచ్చి ‘కొత్త గింజలా?’ అని అడిగారు. అవి వెనకటి గింజలే.

కప్పు కాఫీలో 98 శాతానికి పైగా నీళ్లే. నీళ్లు బాగా ఉప్పగా ఉన్నా, వాటిలో సున్నం ఎక్కువున్నా రుచి పోతుంది. లోపల హీటర్‌కు సున్నం పేరుకుంటుంది, వేడి సరిగా ఎక్కదు. కాఫీ సరిగా దిగాలంటే నీళ్లు 90 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. సున్నం పొర తీసే పని మెషిన్ అడిగినప్పుడల్లా చేయాలి, ‘తర్వాత’ అనే బటన్ నొక్కుతూ పోకూడదు.

పాలగొట్టం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తాజా పాలు పీల్చుకునే మెషిన్లలో సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని రోజూ రాత్రి మందునీళ్లతో కడగకపోతే లోపల పాలు పేరుకుని పగిలిపోతాయి. పాలడబ్బా ఉండే చిన్న ఫ్రిజ్ 5 డిగ్రీలు దాటకూడదు. నేను లోపల ఒక థర్మామీటర్ వేలాడదీస్తాను. తలుపు మీది అంకెను నమ్మను.

అపోహ: కాఫీ విరామం కంపెనీ సమయాన్ని తినేస్తుంది

అమెరికాలో డెన్వర్ నగరంలో నెక్‌టైలు నేసే ఒక చిన్న మిల్లు ఉండేది. మధ్యవయసు ఆడవాళ్లను మగ్గాల మీద పెట్టారు. పని కఠినమై అలసిపోతున్నామని వాళ్లు చెబితే యజమాని రోజుకు రెండు పదిహేను నిమిషాల విరామాలు, కాఫీ ఏర్పాటు చేశాడు. ఉత్పత్తి పెరిగింది. దాంతో విరామాన్ని తప్పనిసరి చేశాడు, కానీ ఆ అరగంటకు జీతం లెక్కగట్టలేదు. విషయం కోర్టుకెక్కింది. ఆ విరామంతో యజమానికీ లాభముంది కాబట్టి అది పనిగంటల్లోనే చేరుతుందని 1956లో అక్కడి అప్పీళ్ల కోర్టు తీర్పిచ్చింది. ఈ రోజుకీ అమెరికా నిబంధనల్లో 5 నుంచి 20 నిమిషాల చిన్న విరామాలకు జీతం ఇవ్వాల్సిందే.

అపోహ: ఏది ఎక్కడ పెట్టినా ఒకటే

మంచినీళ్లు, కాఫీ పక్కనే బిస్కెట్ల బుట్ట ఉంటే కాఫీకి వచ్చినవాళ్ల చెయ్యి దానిమీదికే పోతుంది. ఒక పెద్ద టెక్నాలజీ కంపెనీ ఆఫీసులో జరిపి 2016లో ప్రచురించిన పరిశీలనలోనూ ఇదే తేలింది: చిరుతిళ్లు పానీయాలకు రెండు మీటర్ల దూరంలో ఉన్నప్పుడు తీసుకున్నవాళ్లు, ఐదు మీటర్ల పైన ఉన్నప్పటికన్నా బాగా ఎక్కువ. పళ్లు దగ్గర, తీపి దూరం. ఒక టేబుల్ జరిపితే అయిపోయే పని.

అపోహ: కాఫీ ఉంటే జీతం కాస్త తక్కువైనా సర్దుకుంటారు, తీసేసినా ఎవరూ పట్టించుకోరు

రెండూ తప్పే. కాఫీ కోసం ఉద్యోగంలో ఉండిపోయినవాళ్లను నేను చూడలేదు. కాఫీ తీసేసిన రోజున మాత్రం ‘కంపెనీ పరిస్థితి బాగోలేదా?’ అని గుసగుసలు మొదలవడం మూడు చోట్ల చూశాను. తగ్గించక తప్పకపోతే ముందే చెప్పండి, ఎందుకో చెప్పండి, పైవాళ్ల గదిలోని మెషిన్ కూడా అదే రోజు తీయండి. కింద తీసేసి పైన ఉంచారంటే ఆ కోపం ఏళ్లు గడిచినా పోదు.

అపోహ: ఉచితం అంటే అందరికీ అనే కదా

చాలాచోట్ల కాదు. నేను కొత్తగా బాధ్యత తీసుకున్న ఒక ఆఫీసులో మెషిన్ పైన ‘ఉద్యోగులకు మాత్రమే’ అని కాగితం అంటించి ఉంది. సెక్యూరిటీ వాళ్లు, హౌస్‌కీపింగ్ వాళ్లు, డ్రైవర్లు కాంట్రాక్టు మీద ఉంటారు కాబట్టి లెక్కలోకి రారు. రెండేళ్లుగా రోజూ రాత్రి ఆ మెషిన్ తుడిచి, పాలగొట్టం కడిగేది ఒకామె. దాంట్లో కాఫీ ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. ఆ కాగితం పీకేయడానికి నాకు మూడు మీటింగులు, రెండు ఈమెయిళ్లు పట్టాయి. ఖర్చెంత పెరుగుతుందని అడిగారు. నెలయ్యాక లెక్క చూస్తే తేడా పట్టుకోవడానికే కష్టమైంది.

కాగితం తీసేసిన రోజు ఆమెను పిలిచి కప్పు చేతిలో పెట్టాను. ‘నేను తాగొచ్చా సార్?’ అని రెండుసార్లు అడిగింది. నిలబడే రెండు గుక్కలు తాగి, కప్పులోకి చూసి, ‘నురగ సరిగా రాలేదు సార్, గొట్టంలో ఏదో అడ్డం పడింది’ అంది. తీసి చూశాం. చిన్న పాలగడ్డ ఇరుక్కుని ఉంది.