టేకు ఒక్కటే చెక్కా? మా కడప షెడ్డులో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

షెడ్డుకు వచ్చినోళ్లు కూర్చోకముందే అడిగే మాట ఒకటే: "అన్నా, అన్నిట్లోకీ మంచి చెక్క ఏది?" ఏం చేయించాలని నేను ఎదురు అడుగుతా. మంచం కోడుకూ, పూజగది తలుపుకూ, పార పిడికీ ఒకే చెక్క చెప్పమంటే ఎట్లా చెప్పేది? ఇరవై ఏళ్లు దాటిన ఈ వడ్రంగం పనిలో నాకూ ఇష్టమైన చెక్క ఒకటుంది. అది టేకు కాదని చెప్తే చాలామంది నమ్మరు. ముందు మాటిమాటికీ వినపడే అపోహలు చెప్తాను.

అపోహ: టేకుకు చెదలు పట్టవు.

టేకు చేవకు అంత సులువుగా పట్టవు, అది నిజం. చెట్టు నడుమ ముదురు రంగులో ఉండే చేవలో సహజంగా నూనెలూ, చెదలకు గిట్టని పదార్థాలూ ఉంటాయి. దాని చుట్టూ బెరడు దాకా ఉండే తెల్లచెక్కలో ఆ రక్షణ లేదు. అక్కడ చెదలకు టేకూ మామిడీ ఒకటే. పదిహేను, ఇరవై ఏళ్లకే కొట్టేసిన తోట టేకులో తెల్లచెక్క వాటా ఎక్కువ. మా దగ్గరి బంధువుల ఇంట్లో ద్వారబంధానికి బయటి మూడు వైపులా మంచి చేవే ఉండింది. గోడలోకి పోయే నాలుగో వైపు తెల్లచెక్క. సిమెంటు పూసినాక ఎవరికి కనపడుతుంది? అయిదేళ్లకు వేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది. ద్వారబంధం గోడకు ఎక్కించకముందే నాలుగు వైపులా తిప్పి చూడండి, అది మీ హక్కు. (చేవలేనోడు అనే తిట్టు చెక్కలోంచి పుట్టిందే. కూసాలు కదిలిపోయాయి అన్నదీ మా పనిలోని మాటే. చెక్క కొసను సన్నగా చెక్కి బెజ్జంలోకి దించే భాగమే కూసం.)

అపోహ: ముదురు రంగుంటే అసలు టేకు.

రంగు డబ్బాలో దొరుకుతుంది. సిల్వర్ ఓక్‌కూ రబ్బరు చెక్కకూ రంగు పట్టించి టేకు అని అంటగట్టేవాళ్లు ఉన్నారు. కొసన ఒక వేలెడు కోయించి చూడండి. తాజా కోతలో టేకుకు తోలులాంటి ఘాటు వాసన, చేతికి నూనె జిడ్డు తెలుస్తాయి. ఏడాదికొక వలయం చొప్పున గీతలు స్పష్టంగా కనపడతాయి.

అపోహ: బరువు ఎంతుంటే అంత మంచిది.

పచ్చి చెక్క ఎప్పుడూ బరువే. మీరు డబ్బిచ్చి కొనేది నీళ్లు కావచ్చు. నిజంగా బరువైన చెక్క చూడాలంటే యేపి చూడండి. నారయేపి అని కూడా అంటారు. అనంతపురం, కడప మెట్ట అడవుల్లో పెరుగుతుంది. ఘనపు మీటరు టన్ను దాటుతుంది, నీళ్లలో వేస్తే మునుగుతుంది. టేకు 650 కిలోల దగ్గర ఉంటుంది. మన పాత మట్టిమిద్దెల దంతెల్లో ఈ యేపిని ఇప్పటికీ చూస్తుంటాను. పైన అడుగు మందం మట్టిని మోయడానికి అదే సరైనది. కానీ అల్మారా తలుపు యేపితో చేస్తే బందులు ఏడుస్తాయి. మేకు దిగదు, ముందు బెజ్జం వేసుకోవాల. ఉలి పూటకు నాలుగుసార్లు నూరాల. టేకుకు అంత పేరు రావడానికి గట్టితనం కారణం కాదు. తేమ మారినా అది తక్కువగా కదులుతుంది, బరువుకు తగ్గ బలం ఉంది, పనికి లొంగుతుంది. అయినా దాంట్లో ఇసుకలాంటి సిలికా ఉండి చెక్కను నున్నగా చేసే రందా బ్లేడును తొందరగా మొద్దు చేస్తుంది. ఆ సంగతి కొనేవాళ్లకు తెలియదు, మాకు తెలుసు.

అపోహ: వేప చెక్క వంకర పోతుంది, తలుపులకు పనికిరాదు.

దీని మీద కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే ఒకసారి నేనే ఈ అపోహకు సాక్ష్యం తయారుచేసి ఇచ్చినాను. ప్రొద్దుటూరు దారిలోని ఒక పల్లె రైతు, సొంత చేనులో సంక్రాంతి తర్వాత కొట్టిన వేప మొద్దు తెచ్చినాడు. మేలో కూతురి పెళ్లి. "అంతలోకి రెండు తలుపులు కావాల అబ్బయా" అన్నాడు. వద్దనాల్సింది, ఒప్పుకున్నా. ఏప్రిల్‌లో బిగించినా. పెళ్లినాటికి ఒక తలుపు పలకలో రూపాయి బిళ్ల దూరేంత బీట. రెండోది మూయబోతే పైమూల వచ్చి తగులుతుంది, కిందిమూల బయటికి నిక్కుతుంది. వచ్చిన చుట్టాలంతా "వేప కదా" అన్నారు. తప్పు వేపది కాదు. మూడు నెలల పచ్చిచెక్కతో పని చేసినోడిది. ఏడాది తర్వాత ఆ రెండూ నా ఖర్చుతో కొత్తవి చేసిచ్చినా. అవీ వేపవే. ఇప్పటికీ సుబ్బరంగా ఉన్నాయి.

జరిగేది ఇదీ. కొట్టిన చెట్టులో ముందుగా పోయేది పోగుల బోలులో నిలిచిన నీరు. అది పోతే బరువు తగ్గుతుంది, కొలత మారదు. తేమ 28, 30 శాతం కిందికి దిగినాకే చెక్క ముడుచుకోవడం మొదలవుతుంది. ఆ ముడుచుకోవడం కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. వలయాల వెంట ఎంత తగ్గుతుందో, నడుమ నుంచి బెరడు వైపుకు సుమారు దాంట్లో సగమే తగ్గుతుంది. నిలువు పొడవులో దాదాపు ఏమీ తగ్గదు. ఈ తేడాతోనే పలక దోనెలా వంగుతుంది, బీట వారుతుంది. కోస్తా గాలిలో ఆరిన చెక్క మన వేసవికి వస్తే ఇంకా ఆరుతుంది. అక్కడ సరిగ్గా కుదిరిన తలుపు ఇక్కడ వదులవుతుంది. అందుకే పలకల తలుపులో పలకను ఎప్పుడూ జిగురుతో అంటించను. చట్రం గాడిలో వదులుగా కూర్చోబెడతాను. అది వేసవిలో తగ్గుతుంది, వానాకాలంలో పెరుగుతుంది, చట్రం మాత్రం కదలదు. పలక చుట్టూ ఆ కాస్త సందు చూసి "పని సరిగ్గా రాలేదే" అనేవాళ్లకు ఈ మాట ప్రతిసారీ చెప్పుకోవాల్సిందే.

వేపతో అసలు చిక్కు వేరే ఉంది. పోగు ఒకే దారిలో పోదు, అల్లుకుని ఉంటుంది. రందా ఒక చోట నున్నగా జారితే జానెడు అవతల గరుకు లేస్తుంది. బ్లేడు బాగా నూరుకుని, పొర పల్చగా తీస్తే లొంగుతుంది. చేవ గట్టిది, చెదలు తొందరగా ముట్టవు. పైగా చేలోనే దొరుకుతుంది. 2018లో మన రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది దీన్నే. "అమ్మవారి చెట్టు, గడపకు వాడొచ్చా" అని ఒకరిద్దరు అడుగుతుంటారు. అది మీ ఇంటి పెద్దలను అడగండి, చెక్కకైతే అభ్యంతరం లేదు.

అపోహ: ఎండలో పడేస్తే తొందరగా ఆరుతుంది.

ఆరుతుంది, పగులుతుంది. కొసల నుంచి నీరు మిగతా వైపుల కంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, అందుకే మొద్దు కొసలు నక్షత్రంలా విచ్చుకుంటాయి. మా తాత కొసలకు పేడ మెత్తేవాడు, నేను పాత పెయింటు పూస్తాను. పలకలు కోయించి, నీడన, నేలకు అడుగు ఎత్తులో, నడుమ నడుమ ఒకే మందం పట్టీలు పెట్టి పేర్చాల. అంగుళం మందానికి ఏడాది అనేది పాత లెక్క. మన పొడి గాలికి కొంత ముందే ఆరొచ్చు. ఇప్పుడు తేమ మీటరు ఉంది, పది పన్నెండు శాతం చూపించినాకే పని మొదలుపెడతాను.

అపోహ: తుమ్మ పొయ్యిలోకి తప్ప పనికిరాదు.

బండి చక్రాలు, నాగళ్లు, గొడ్డలి కామలు దేనితో చేసేవాళ్లనుకున్నారు? నల్లతుమ్మ చేవ దెబ్బను ఓర్చుకుంటుంది. తెల్లచెక్కలోని పిండిపదార్థం కోసం పురుగు వస్తుంది, గోధుమపిండిలా రాలుస్తుంది. అందుకే పాతకాలంలో మొద్దులను నెలల తరబడి చెరువులో నానేసేవాళ్లు. నీళ్లలో ఆ పిండిపదార్థం పోతుంది, పురుగుకు తిండి ఉండదు. ఇప్పుడు చెరువులో నీళ్లు ఉన్నప్పుడు కదా.

అపోహ: చింత చెక్క ఇంట్లో ఉంటే చింతలు.

మాంసం కొట్టు మొద్దు చింతది. కొట్టు ఓనరు బాగానే ఉన్నాడు.

అపోహ: ఎర్రచందనం మన అడవిదే కదా, ఒక మంచం చేయించుకుంటే ఏమవుతుంది?

కడపలో ఉండి ఈ ప్రశ్న తప్పించుకోలేను. ఈ చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ కొసనే, శేషాచలం, పాలకొండలు, లంకమల చుట్టుపక్కల. 1995 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం మీద, అరుదైన మొక్కలనూ జంతువులనూ కాపాడే సైట్స్ అనే దేశాల ఒప్పందం ఆంక్షలు ఉన్నాయి. సొంత పొలంలో పెంచుకోవచ్చు, కొట్టడానికీ తరలించడానికీ అటవీశాఖ అనుమతి కావాల. కాగితం లేని దుంగ నా షెడ్డు గేటు దాటదు, అది ఎవరిదైనా సరే. వడ్రంగిగా చెప్పాలంటే మంచానికి అంత బరువైన చెక్క అవసరమే లేదు. జపాన్‌లో షమిసెన్ అనే తంత్రీవాద్యానికి దీన్ని కోరుకునేవాళ్లు, అలలు తిరిగిన పోగు కోసం. మనం దాన్ని పక్కపలకలుగా కోసుకుంటే ఏం బాగుంటుంది?

అపోహ: అడితిలో కొలత అంతా మోసమే.

కొలత తెలియకపోతే మోసంగానే కనపడుతుంది. గుండ్రటి మొద్దు చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే గుణించి, పొడవుతో గుణించడం పాత పద్ధతి. నాలుగు అడుగుల చుట్టుకొలత, పది అడుగుల పొడవుంటే పది ఘనపుటడుగులు. అసలు ఘనపరిమాణం 12.7. అంటే మీకే ఎక్కువ వచ్చినట్టు. కానీ బెరడు, తెల్లచెక్క, రంపపు పొట్టు ఆ ఎక్కువను తినేస్తాయి. కోసిన సైజులకైతే లెక్క తేలిక. అయిదంగుళాలు బై మూడంగుళాల ద్వారబంధం, ఏడడుగుల నిలువులు రెండు, నాలుగడుగుల అడ్డాలు రెండు: మొత్తం 22 అడుగులు. 22ను 15తో గుణించి 144తో భాగిస్తే 2.29 ఘనపుటడుగులు. ఎవరైనా మూడు అంటే తరుగు ఎంతో అడగండి.

అపోహ: ప్లైవుడ్ అంటే నాసిరకం.

వంటగది సింకు కింద నేను టేకు పెట్టను, నీళ్లకు ఓర్చుకునే 710 మార్కు ప్లై పెడతాను. దాని జిగురును 72 గంటల ఉడుకు పరీక్షకు పెడతారు. పలచని పొరలను అడ్డంగా నిలువుగా అంటించడంతో కదలికా తక్కువే. కొసలు మాత్రం మూసేయాల.

నాకిష్టమైన చెక్క వేప అని ఈపాటికి తెలిసే ఉంటుంది. గత కార్తీకంలో కొట్టిన ఒక మొద్దు పలకలు షెడ్డు వెనక నీడన ఉన్నాయి. మీటరు ఇంకా 17 చూపిస్తుంది. నిన్న ఒకాయన వచ్చి, ఎక్కువ డబ్బిస్తానంటూ వాటిలో రెండు పలకలు ఇవ్వమన్నాడు. ఉగాది తర్వాత రమ్మని పంపించినా.