మంచు కరిగితేనే కాక్‌టెయిల్

1806 మే 13న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, హడ్సన్ పట్టణం నుంచి వెలువడే ఒక పత్రిక తన పాఠకుడి ప్రశ్నకు సమాధానమిస్తూ కాక్‌టెయిల్ అంటే ఏమిటో నిర్వచించింది. స్వేదనం చేసి తీసిన ఏదో ఒక మద్యం, చక్కెర, నీరు, బిట్టర్స్ (చేదు మూలికల సారం) అనే నాలుగూ కలిసినదే కాక్‌టెయిల్ అని ఆ సమాధాన సారాంశం. తరువాతి రెండు శతాబ్దాల్లో ఈ పానీయాలు వందల రకాలుగా విస్తరించాయి గాని, ఆ నాలుగింటిలో నీటిని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నేటి తయారీ కొలతల్లో చాలావాటిలో దాని పేరే కనిపించదు, ఎందుకంటే అది సీసాలోంచి గాక, పానీయాన్ని చల్లబరచడానికి వేసిన ఐసు ముక్కల్లోంచి వస్తుంది. ఈ మిశ్రమాల విద్యను మిక్సాలజీ అంటారు. దాని మూలసూత్రాలు తెలియాలంటే ముందు ఆ నీటి లెక్క చూడాలి.

మాన్‌హాటన్ అనే ప్రసిద్ధ పానీయాన్నే తీసుకుందాం. 50 మి.లీ. రై విస్కీ (రై అనే ధాన్యంతో చేసినది), 20 మి.లీ. తీపి ఎర్ర వెర్ముత్ (మూలికలు కలిపిన ద్రాక్షసారా), ఒక చుక్క బిట్టర్స్ దాని కొలతలు. విస్కీలో ఆల్కహాల్ 40 శాతం, వెర్ముత్‌లో 16 శాతం అనుకుంటే ఈ 70 మి.లీ. మిశ్రమంలో అది సుమారు 33 శాతం. దీనిని 25 డిగ్రీల గది ఉష్ణోగ్రత నుంచి మైనస్ 5 డిగ్రీల వరకు చల్లబరచాలంటే దాని నుంచి దాదాపు 8,400 జౌళ్ల ఉష్ణాన్ని తీసివేయాలి. ఒక గ్రాము ఐసు కరగడానికి 334 జౌళ్లు కావాలి కనుక, ఈ పనికి సుమారు 25 గ్రాముల ఐసు కరగాలి. ఆ 25 గ్రాముల నీరూ గ్లాసులోకే చేరి ఆల్కహాల్‌ను 33 శాతం నుంచి దాదాపు 24 శాతానికి దించుతుంది. ఐసు ఎంతో చల్లగా ఉండటం వల్లనే పానీయం చల్లబడుతుందని చాలామంది భావిస్తారు. నిజానికి మైనస్ 18 డిగ్రీల ఐసు సున్నా డిగ్రీలకు చేరేలోగా గ్రాముకు 38 జౌళ్లు మాత్రమే గ్రహిస్తుంది. మిగిలిన పనంతా కరగడంలోనే జరుగుతుంది. అందుచేత చల్లదనం, పలుచదనం అనేవి విడదీయరాని జంట.

సున్నా దగ్గర కరిగే ఐసు పానీయాన్ని సున్నా కంటే దిగువకు ఎలా తీసుకుపోగలదన్న సందేహం ఇక్కడ సహజంగా కలుగుతుంది. ఐసు ఉపరితలం నుంచి నీటి అణువులు నిరంతరం ద్రవంలోకి జారుతుంటాయి, ద్రవంలోంచి మరికొన్ని తిరిగి వచ్చి ఐసుకు అతుక్కుంటుంటాయి. ద్రవంలో ఇథనాల్ (మద్యంలో ఉండే ఆల్కహాల్) అణువులు కొంత చోటు ఆక్రమించినప్పుడు తిరిగివచ్చే నీటి అణువుల సంఖ్య తగ్గిపోతుంది, దానితో సున్నా డిగ్రీల దగ్గర కూడా కరగడమే పైచేయిగా సాగుతుంది. అందుకు కావలసిన ఉష్ణాన్ని ఐసు చుట్టూ ఉన్న ద్రవం నుంచే గుంజుకుంటుంది గనుక ద్రవం, ఐసు రెండూ సున్నాకు దిగువకు చల్లబడతాయి. బాగా కుదిపిన పానీయం మైనస్ 5 డిగ్రీలకు చేరడం వెనుక ఉన్న భౌతిక సూత్రం ఇదే.

షేకర్‌లో కుదపాలా, గరిటెతో కలపాలా అనే పాత వాదానికి కూడా ఈ లెక్కలోనే సమాధానం దొరుకుతుంది. కుదిపినప్పుడు ఐసు ముక్కలు ఒకదానికొకటి తగిలి విరుగుతాయి, ద్రవానికి తగిలే ఉపరితలం పెరుగుతుంది, 10 నుంచి 15 సెకన్లలోనే పని పూర్తవుతుంది. అదే సమయంలో సన్నని గాలి బుడగలు ద్రవంలో చేరి దానిని మసకబరుస్తాయి. నిమ్మరసం, గుడ్డు తెల్లసొన, మీగడ వంటివి ఉన్నప్పుడు ఆ గాలి పానీయానికి తేలికదనం ఇస్తుంది. కేవలం మద్యాలే కలిసే మార్టినీ, మాన్‌హాటన్, నెగ్రోనీ వంటివాటికి అద్దంలాంటి స్వచ్ఛత, నాలుకపై నునుపు ముఖ్యం కనుక వాటిని నెమ్మదిగా గరిటెతో కలుపుతారు. ముక్కల పరిమాణానికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది: 5 సెంటీమీటర్ల ఘనాన్ని ఎనిమిది సమాన ఘనాలుగా కోస్తే ఉపరితల వైశాల్యం 150 నుంచి 300 చదరపు సెంటీమీటర్లకు, అంటే రెట్టింపుకు పెరుగుతుంది. విస్కీ, చక్కెర, బిట్టర్స్, నారింజ తొక్కలతో చేసి తీరిగ్గా తాగే ఓల్డ్ ఫ్యాషన్డ్‌లో ఒకే పెద్ద ముక్క వేయడానికి కారణం ఇదే.

రుచుల సమతూకాన్ని అర్థం చేసుకోవడానికి నా దృష్టిలో క్యూబాలో పుట్టిన డైకిరీని మించిన పాఠం లేదు. 60 మి.లీ. తెల్ల రమ్, 20 మి.లీ. తాజా నిమ్మరసం, రెండు చిన్న చెంచాల మెత్తని చక్కెర. ఇంతకుమించి అందులో ఏమీ లేదు కాబట్టి పొరపాటు దాక్కోవడానికి చోటే ఉండదు. రమ్ స్థానంలో టెకీలా, చక్కెర స్థానంలో నారింజ తొక్క వాసనగల తీపి మద్యం చేరితే అది మార్గరీటా అవుతుంది. బర్బన్ విస్కీ, చక్కెర పాకం చేరితే విస్కీ సవర్ అవుతుంది. ఈ కుటుంబమంతా ఆమ్లానికీ తీపికీ మధ్య ఒప్పందంపైనే నిలుస్తుంది. నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం సుమారు 5 నుంచి 6 శాతం ఉంటుంది, నారింజ రసంలో మొత్తం ఆమ్లం ఒక శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. అందువల్ల నిమ్మకు బదులు నారింజ పిండితే కొలత ఎంత సరిగ్గా ఉన్నా పానీయం చప్పగా తేలుతుంది. చల్లదనం కూడా ఈ తూకాన్ని మారుస్తుంది. తీపిని గుర్తించే రుచి కణాల్లో సంకేతాన్ని మోసే టీఆర్‌పీఎం5 అనే ప్రోటీన్ ద్వారం చలిలో మందకొడిగా పనిచేస్తుంది, కాని పులుపు మీద చలి ప్రభావం అంతగా ఉండదు. కాబట్టి కుదపకముందు కాస్త ఎక్కువ తీపి అనిపించిన మిశ్రమమే చల్లబడ్డాక సరిగ్గా కుదురుతుంది. వెచ్చగా ఉన్నప్పుడు రుచి చూసి చక్కెర తగ్గించడం కొత్తగా చేసేవారిలో తరచుగా కనిపించే తొందరపాటు.

విస్కీ సవర్‌పై తేలే నురుగు తెల్లసొనలోని ప్రోటీన్ల పని. కుదిపినప్పుడు అవి ముడి విడి, గాలి బుడగల చుట్టూ పొరగా అల్లుకుంటాయి. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది, పానీయంలోని ఆల్కహాల్ ఆ కొద్ది నిమిషాల్లో దానిని చంపుతుందని నమ్మకూడదు. పాశ్చరీకరించిన, అంటే వేడితో బ్యాక్టీరియాను చంపిన తెల్లసొన వాడటమే సరైన పద్ధతి.

చేదుకు ఈ విద్యలో ప్రత్యేక గౌరవం ఉంది. వేర్లను, బెరళ్లను, సుగంధ ద్రవ్యాలను గాఢమైన ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన సారమే బిట్టర్స్. జర్మన్ వైద్యుడు యోహాన్ సీగర్ట్ 1824లో వెనిజువెలాలోని అంగోస్టూరా పట్టణంలో ఔషధంగా తయారుచేసిన సారం నేటికీ ఆ ఊరి పేరుతోనే ప్రపంచమంతటా అమ్ముడవుతోంది. నీటిలో కరగని సుగంధ తైలాలు ఆల్కహాల్‌లో తేలిగ్గా కరుగుతాయి కనుకనే రెండు మూడు చుక్కలు గ్లాసంతటినీ మార్చగలుగుతాయి. జిన్, కాంపారి అనే చేదు మద్యం, తీపి వెర్ముత్ తలా 30 మి.లీ. కలిసే నెగ్రోనీలో చేదు రుచే ముందు నిలుస్తుంది. వెర్ముత్ మూలికలు కలిపి, మద్యంతో బలపరచిన ద్రాక్షసారా. సీసా తెరిచాక గాలి సోకి దాని రుచి చెడుతుంది, కాబట్టి దానిని ఫ్రిజ్‌లో ఉంచి త్వరగా వాడాలి. జిన్, వెర్ముత్ కలిపి చేసే చాలా మార్టినీలు చప్పబడటానికి జిన్ కంటే పాతబడిన వెర్ముతే ఎక్కువ కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

నీరు పానీయాన్ని పలుచన చేయడంతో ఆగదు, వాసనను కూడా మారుస్తుంది. స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో కంప్యూటర్ నమూనాలతో, విస్కీకి పొగవాసననిచ్చే గ్వాయకాల్ అణువు ఆల్కహాల్ గాఢత తక్కువగా ఉన్నప్పుడు ద్రవం ఉపరితలంలో ఎక్కువగా చేరుతుందనీ, గాఢత పెరిగినకొద్దీ లోపలికి జరుగుతుందనీ చూపారు. ఉపరితలంలో ఉన్నదే ముందుగా ముక్కుకు అందుతుంది. ఈ కారణంగానే నెగ్రోనీని ముందే కలిపి సీసాలో ఫ్రీజర్‌లో పెట్టేవారు, అక్కడ కరిగే ఐసు ఉండదు కాబట్టి, తగినంత నీటిని తామే కొలిచి పోయాలి. ఈ పని మరచిపోతే పానీయం ఎంత చల్లగా ఉన్నా ఘాటు, మంట ముందుకొచ్చి మూలికల వాసన వెనకబడుతుంది.

నీరు గాఢతను తగ్గిస్తుంది గాని ఆల్కహాల్ మొత్తాన్ని తగ్గించదు. డైకిరీలోని 60 మి.లీ. రమ్‌లో, దాని ఆల్కహాల్ 40 శాతం అనుకుంటే, 24 మి.లీ., అంటే దాదాపు 19 గ్రాముల స్వచ్ఛమైన ఇథనాల్ ఉంటుంది. ఎంత ఐసు కరిగినా అదంతా గ్లాసులోనే ఉంటుంది. ఇథనాల్ నోటిలో మంటగా అనిపించడానికి కారణం అది టీఆర్‌పీవీ1 అనే ఉష్ణ గ్రాహకాన్ని ప్రేరేపించడమే. చల్లదనం ఆ మంటను అణచివేస్తుంది, తీపి పులుపులు దానిని కప్పేస్తాయి, అందువల్ల తాగిన పరిమాణాన్ని నాలుక సరిగ్గా అంచనా వేయలేదు. ఇథనాల్ మానవులలో క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది, ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన మోతాదు లేదని ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. ఈ కారణంగా గ్లాసుల సంఖ్య కంటే, ఒక్కో గ్లాసులోకి సీసా నుంచి ఎన్ని మిల్లీలీటర్లు పోశారన్నదే లెక్కించవలసిన కొలత.